విమానం వెనక్కి తిరిగినప్పుడు

మా వీధి చివరి ఇంట్లో ఒక ఖాలా ఉంటారు. ఆమె చిన్న కుమారుడు గల్ఫ్‌లో పనిచేస్తాడు. సెలవు ముగించుకుని అతడు తిరిగి బయలుదేరిన రోజు, ఇషా నమాజు తరువాత కొంతసేపటికి ఆమె మా తలుపు తట్టారు. చేతిలో ఫోను, కళ్ల నిండా నీళ్లు. టెలివిజన్ తెర అడుగున ఒక వార్త పదేపదే కదులుతున్నదట: "గల్ఫ్ విమానంలో సాంకేతిక లోపం, అత్యవసర ల్యాండింగ్, రన్‌వే చుట్టూ ఫైరింజన్లు." కుమారుని ఫోను మోగడం లేదు. "నా బిడ్డ ఎక్కిన విమానమే బాబూ! మంటలు లేకుంటే ఫైరింజన్లు ఎందుకు వస్తాయి?" అని ఆమె అడిగారు.

ఆ క్షణంలో ఆమెకు ధైర్యం చెప్పానే గాని, ఆ ప్రశ్నకు సరైన సమాధానం చెప్పలేకపోయాను. రెండు గంటల తరువాత కుమారుడే ఫోను చేశాడు. చక్రాల దగ్గర ఏదో వేడెక్కినట్లు కాక్‌పిట్‌లో హెచ్చరిక వెలిగిందట. విమానం వెనక్కి వచ్చి మామూలుగానే దిగిందట. అందరూ క్షేమం. ఆ రాత్రి ఖాలా చేసిన షుక్రియా దువా మా ఇంటిదాకా వినిపించింది.

అయితే ఆ అబ్బాయి చెప్పిన మరో మాట నా మనసులో నిలిచిపోయింది. విమానం ఆగగానే, బయట ఫైరింజన్ల దీపాలు ఇంకా తిరుగుతుండగానే, ప్రయాణికుల్లో సగం మంది లేచి పైఅరల్లోని సంచులు దించుకోవడం మొదలుపెట్టారట. "నేనూ నా సంచి తీసుకున్నాను. అందులో పాస్‌పోర్టు, అమ్మీ చేసిన పచ్చడి సీసా ఉన్నాయి" అన్నాడతడు. ఖాలా అడిగిన ప్రశ్నకూ, ఆమె కుమారుడు చేసిన పనికీ దగ్గరి సంబంధం ఉంది. ఈ నెల ఆ రెండింటి గురించే మాట్లాడుకుందాం.

అన్నీ ఒకే అత్యవసరాలు కావు

2025 జూన్ 12న అహ్మదాబాదులో ఎయిరిండియా విమానం కూలి, అందులోని 242 మందిలో 241 మంది చనిపోయిన నాటి నుండి మన ఇళ్లలో విమానమంటేనే గుండె దడ ఎక్కువైంది. విమానం వెనక్కి తిరిగిన ప్రతి సంఘటనా వార్తగా మారుతోంది. ఆ వార్తలన్నింటికీ "అత్యవసర ల్యాండింగ్" అనే ఒకే పేరు పెడుతున్నారు. కాని విమానయాన రంగంలో ఆ మాటకు మెట్లు ఉన్నాయి.

పైలట్ రేడియోలో "మేడే" అని మూడుసార్లు పలికితే, ప్రాణాపాయం ఎదురుగా ఉన్నదని అర్థం. "పాన్ పాన్" అని మూడుసార్లు పలికితే, ఇబ్బంది ఉంది, త్వరగా దిగవలసి ఉంది, కాని తక్షణ ప్రాణాపాయం లేదని అర్థం. ఈ రెండూ పలకకుండానే "ఒక చిన్న లోపం కనిపించింది, వెనక్కి వస్తున్నాను" అని పైలట్ చెప్పే సందర్భాలూ అనేకం ఉన్నాయి.

నేలమీది ఏర్పాట్లకూ ఇదే విధంగా మెట్లున్నాయి. విమానంలో లోపం ఉన్నట్లు తెలిసినా, అది క్షేమంగా దిగడానికి ఆటంకం కాదని భావిస్తే "లోకల్ స్టాండ్‌బై" ప్రకటిస్తారు. ప్రమాదం జరిగే అవకాశం ఉందని భావిస్తే "ఫుల్ ఎమర్జెన్సీ" ప్రకటిస్తారు. ప్రమాదం జరిగిపోతే వేరే ఆదేశం ఉంటుంది. మొదటి దానిలో విమానాశ్రయపు సొంత అగ్నిమాపక సిబ్బంది సిద్ధమవుతారు. రెండవ దానిలో నగర అగ్నిమాపక శాఖ, అంబులెన్సులు, ఆసుపత్రులు కూడా కదులుతాయి. టెలివిజన్ తెరమీద మాత్రం రెండూ ఒకే విధంగా, దీపాలు తిప్పుతున్న బండ్ల వరుసగా కనిపిస్తాయి. చూసే తల్లికి తేడా ఎలా తెలుస్తుంది?

చిన్న లోపానికి ఇంత హడావిడి ఎందుకు?

రోడ్డుమీద కారులో ఏదైనా దీపం వెలిగితే పక్కకు ఆపి, దిగి, బానెట్ ఎత్తి చూస్తాము. పైలట్‌కు ఆ అవకాశం లేదు. ముప్పైఐదు వేల అడుగుల ఎత్తున అతనికి కనిపించేది ఒక దీపం, ఒక అంకె, ఒక హెచ్చరిక శబ్దం మాత్రమే. చక్రాల గదిలో నిజంగా వేడి పుట్టిందా, లేక వేడిని కొలిచే పరికరమే తప్పు చెబుతోందా? సరుకుల గదిలో పొగ నిజమా, లేక పండ్ల పెట్టెల నుండి వచ్చిన తేమను పరికరం పొగగా భావించిందా? పైనుండి తేల్చుకోలేని ప్రశ్నలు ఇవి. అందుకే నియమం సూటిగా ఉంటుంది: హెచ్చరికను నిజమనే భావించు, దిగిన తరువాత తేల్చుకో.

వెనక్కి తిరిగే విమానాల్లో తరచుగా కనిపించే కారణాలు కొన్నే. చక్రాలను, రెక్కల పలకలను కదిలించే హైడ్రాలిక్ ద్రవం కారిపోవడం, ఇంజన్‌లో పక్షి పడటం, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గడం, ఏదో కాలిన వాసన రావడం, బ్రేకులు వేడెక్కడం వంటివి. వీటిలో చాలావాటికి విమానంలోనే ప్రత్యామ్నాయం ఉంటుంది. హైడ్రాలిక్ వ్యవస్థలు ఒకటికి మించి ఉంటాయి. రెండు ఇంజన్ల విమానం ఒక్క ఇంజన్‌తో ఎగిరి, దిగగలదు. పైలట్లు సిమ్యులేటర్‌లో పదేపదే అభ్యసించేది ఈ పరిస్థితులనే. ఒకటి పోయి మరొకటి మిగిలి ఉన్నప్పుడే దిగిపోవడం వివేకం. రెండవది కూడా పోయేదాకా ఆగడం ధైర్యం అనిపించుకోదు.

2024 అక్టోబరు 11 సాయంత్రం జరిగింది గుర్తు చేసుకోండి. తమిళనాడులోని తిరుచిరాపల్లి నుండి షార్జాకు బయలుదేరిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 విమానంలో ఎగిరిన కొద్దిసేపటికే హైడ్రాలిక్ లోపం బయటపడింది. లోపల 140 మందికి పైగా ఉన్నారు. విమానం సుమారు రెండున్నర గంటల పాటు అదే ప్రాంతంలో ఆకాశంలో చుట్లు తిరిగింది. కింద ఫైరింజన్లు, అంబులెన్సులు బారులు తీరాయి. దేశమంతా టెలివిజన్ ముందు ఊపిరి బిగబట్టింది. రాత్రి ఎనిమిదింబావు ప్రాంతంలో విమానం మామూలుగా దిగింది. ఎవరికీ గాయం కాలేదు.

ఆ రెండున్నర గంటలు చూసినవారికి నరకంగా తోచాయి. పైలట్లకు మాత్రం అవి లెక్క ప్రకారం గడిపిన గంటలు. దూరప్రయాణానికి నింపిన ఇంధనంతో విమానం బరువుగా ఉంటుంది. ప్రతి విమానానికీ అది దిగదగిన గరిష్ఠ బరువు వేరుగా నిర్ణయమై ఉంటుంది. కొన్ని పెద్ద విమానాలు అదనపు ఇంధనాన్ని ఆకాశంలోనే వదిలివేయగలవు. బోయింగ్ 737, ఎయిర్‌బస్ 320 వంటి వాటికి ఆ ఏర్పాటు లేదు. తిరుగుతూ ఇంధనాన్ని ఖర్చు చేసుకోవడమే వాటికి మార్గం. మంటలు, పొగ వంటి తరుముకొచ్చే ప్రమాదమైతే పైలట్ బరువును కూడా లెక్కచేయక వెంటనే దిగుతాడు. కనుక విమానం చుట్లు తిరుగుతున్నదంటే, తొందరపడవలసిన అవసరం లేదని పైలట్ అంచనా వేసినట్లే ఎక్కువసార్లు అర్థం. ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే ఆ సాయంత్రం ఎన్ని కుటుంబాలకు కొంత ఊరట దొరికి ఉండేదో!

మూడు నిమిషాల బాధ్యత

ఇప్పుడు ఖాలా అడిగిన ప్రశ్నకు వద్దాం. మంటలు లేకుంటే ఫైరింజన్లు ఎందుకు వస్తాయి?

మంటలు పుట్టిన తరువాత బయలుదేరితే ఆలస్యమైపోతుంది గనుక. విమాన ఇంధనం అంటుకుంటే మంట లోపలికి చొచ్చుకురావడానికి ఎక్కువ సమయం పట్టదు. అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒక కొలత పెట్టింది. పిలుపు అందినప్పటి నుండి రన్‌వే మీది ఏ చివరకైనా మొదటి అగ్నిమాపక వాహనం చేరడానికి మూడు నిమిషాలు మించరాదు, రెండు నిమిషాల్లోనే చేరడానికి ప్రయత్నించాలి. ఊరి ఫైరింజన్ వలె ఇంటికి నిప్పంటుకున్నాక ఫోను కోసం ఎదురుచూసే పని కాదది. విమానం రాకముందే రన్‌వే పక్కన నిర్ణీత స్థానాల్లో నిలబడి ఉంటే ఆ మూడు నిమిషాలు కూడా మిగులుతాయి.

కంట్రోల్ టవర్ నుండి పిలుపు వచ్చినప్పుడు అగ్నిమాపక కేంద్రానికి కొన్ని వివరాలు అందుతాయి: విమానం ఏ రకం, లోపం ఏమిటి, లోపల ఎంతమంది ఉన్నారు, ఎంత ఇంధనం మిగిలి ఉంది, ప్రమాదకరమైన సరుకు ఏదైనా ఉందా, ఏ రన్‌వే మీద దిగుతుంది. ఈ వివరాలను బట్టి ఏ బండి ఎక్కడ నిలవాలో నిర్ణయమవుతుంది. విమానం నేలను తాకి వేగం తగ్గగానే బండ్లు దాని వెంట కదులుతాయి. ఆ దృశ్యమే కిటికీలోంచి చూసేవారిని భయపెడుతుంది. నిజానికి వారు వెంటాడుతున్నది మంటను కాదు, విమానం ఆగే చోటును.

ఆగిన తరువాత వారు చేసే పని చాలాసార్లు చూడటానికి పనిలాగే కనిపించదు. విమానం చుట్టూ నడుస్తారు. వేడిని చూపే కెమెరాతో చక్రాలను పరిశీలిస్తారు. ఏదైనా కారుతున్నదా అని కింద చూస్తారు. బ్రేకుల వేడి విమానం ఆగిన వెంటనే తగ్గదు సరికదా, ఆ తరువాత కొన్ని నిమిషాలపాటు ఇంకా పెరుగుతుంది. వేడికి టైరు పేలిపోకుండా చక్రంలో ఒక రకమైన బిరడాలు అమర్చి ఉంటాయి. అవి కరిగి గాలిని నెమ్మదిగా వదిలేస్తాయి. అయినా వేడెక్కిన చక్రం దగ్గరకు అగ్నిమాపక సిబ్బంది ఎప్పుడూ పక్కనుండి వెళ్లరు, ముందునుండో వెనుకనుండో వెళ్తారు. చక్రం పగిలితే ముక్కలు పక్కలకు దూసుకువస్తాయి గనుక. మంట లేనంతవరకు నీళ్లు చల్లడానికీ తొందరపడరు. ఎర్రగా కాగిన లోహం మీద ఒక్కసారిగా నీళ్లు పడితే అది పగలవచ్చు. కాబట్టి వారు నిలబడి చూస్తున్నారంటే ఏమీ చేయడం లేదని కాదు.

ఒక్కొక్క విమానాశ్రయంలో ఎన్ని అగ్నిమాపక వాహనాలు, ఎంత నీరు, ఎంత నురుగు ఉండాలనేది అక్కడ దిగే విమానాల పొడవు, వెడల్పులను బట్టి నిర్ణయమవుతుంది. ఒకటి నుండి పది వరకు శ్రేణులున్నాయి. ఎయిర్‌బస్ 380 వంటి అతి పెద్ద విమానాలకు పదవ శ్రేణి కావాలి. అన్ని బండ్లూ ఒక విమానం దగ్గరే నిమగ్నమైపోతే మిగతా విమానాలకు రక్షణ చాలదు గనుక, కొన్నిసార్లు వాటిని ఆపవలసి వస్తుంది. ఎక్కడో ఒక విమానంలో దీపం వెలిగితే మన విమానం గంట ఆలస్యం కావడం వెనుక ఇటువంటి కారణం కూడా ఉండవచ్చు.

ఈ పని చేసేవారికి ఢిల్లీలో, కోల్‌కతాలో భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రాలున్నాయి. ప్రతి పెద్ద విమానాశ్రయం కనీసం రెండేళ్లకొకసారి పూర్తిస్థాయి మాదిరి విన్యాసం జరపాలన్నది అంతర్జాతీయ నియమం. పదిసార్లు పిలుపు వస్తే పదిసార్లూ ఏమీ జరగకపోవచ్చు. పదకొండవసారి కూడా అదే వేగంతో పరుగెత్తడమే వారి ఉద్యోగం.

దిగడంతోనే అంతా ముగియదు

ఇంత ఏర్పాటు అవసరమా అని సందేహించేవారు ఒక పాత సంఘటనను తెలుసుకోవాలి. మన ఇళ్లనుండి ఎంతోమంది వెళ్లే దారిలోనే అది జరిగింది.

1980 ఆగస్టు 19న సౌదియా సంస్థకు చెందిన ట్రైస్టార్ విమానం కరాచీ నుండి రియాద్ చేరి, అక్కడినుండి జెద్దాకు బయలుదేరింది. ఎగిరిన ఏడు నిమిషాలకే వెనుకవైపు సరుకుల గదిలో పొగ ఉన్నట్లు హెచ్చరిక వెలిగింది. అది నిజమా కాదా అని నిర్ధారించుకోవడానికే నాలుగు నిమిషాలకు పైగా గడిచాయి. తరువాత విమానం వెనక్కి తిరిగి, రియాద్‌లో క్షేమంగా దిగింది. అప్పటికి లోపలివారు బ్రతికే ఉన్నారు.

కాని విమానం రన్‌వే మీద గట్టిగా బ్రేకు వేసి ఆగలేదు. రెండున్నర నిమిషాలకు పైగా నేలమీద నడిచింది. ఆగిన తరువాత కూడా మూడు నిమిషాలకు పైగా ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి. తలుపులు తెరుచుకోలేదు. ఇంజన్లు ఆగిన 23 నిమిషాల తరువాత గాని బయటివారు ఒక తలుపు తెరవలేకపోయారు. అప్పటికే అంతా అయిపోయింది. అందులోని 301 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఆగిన వెంటనే అందరినీ దించివేసే ఏర్పాటు కెప్టెన్ చేయకపోవడాన్నే కాక, సహాయక సిబ్బందికి తగిన పరికరాలు, శిక్షణ సమకూర్చకపోవడాన్ని కూడా దర్యాప్తు నివేదిక తప్పుపట్టింది.

హెచ్చరికను అనుమానిస్తూ గడిపిన ఆ నాలుగు నిమిషాలు, తలుపులు తెరుచుకోని ఆ 23 నిమిషాలు విమానయానానికి చెప్పిన పాఠం చిన్నది కాదు. ఈనాడు ఒక దీపం వెలగగానే పైలట్ వెనక్కి తిరగడం, విమానం దిగకముందే ఫైరింజన్లు నిలబడటం, సిబ్బంది తలుపుల దగ్గర సిద్ధంగా ఉండటం ఇటువంటి అనుభవాల నుండి స్థిరపడిన క్రమమే. 1983లో అమెరికాలోని సిన్సినాటిలో అత్యవసరంగా దిగిన ఎయిర్ కెనడా విమానంలో మంటలు చెలరేగి, 46 మందిలో 23 మంది చనిపోయారు. మరుగుదొడ్డిలో పొగను పసిగట్టే పరికరం, పొగలోనూ దారి చూపే నేలమీది దీపాల వరుస ఆ ప్రమాదం తరువాతే తప్పనిసరి అయ్యాయి. విమానంలో మనం గమనించని ప్రతి చిన్న దీపం వెనుక ఎవరో చెల్లించిన మూల్యం ఉంది.

కూర్చోమంటే కూర్చోవాలి, దిగమంటే దిగాలి

రియాద్ సంఘటన విన్నవారికి, విమానం ఆగగానే దూకేయడమే మేలని తోచవచ్చు. అదీ సరికాదు.

2010 నవంబరు 4న సింగపూర్‌లో క్వాంటాస్ సంస్థ ఎయిర్‌బస్ 380 విమానం ఒక ఇంజన్ పగిలి వెనక్కి వచ్చి దిగింది. లోపల 469 మంది. రెక్కనుండి ఇంధనం కారుతోంది. బ్రేకులు విపరీతంగా కాగి ఉన్నాయి. ఒక ఇంజన్ ఎంత ప్రయత్నించినా ఆగడం లేదు. ఆ స్థితిలో ప్రయాణికులను జారుడుబల్లల మీదుగా దింపితే కారుతున్న ఇంధనంలోకి, తిరుగుతున్న ఇంజన్ పక్కకు పంపినట్లవుతుంది. అందుకే కెప్టెన్ వారిని లోపలే ఉంచాడు. అగ్నిమాపక సిబ్బంది ఇంధనం మీద నురుగు కప్పి, చక్రాలను చల్లబరిచారు. ఆ తరువాత ఒకే వైపునుండి మెట్లు పెట్టి అందరినీ నెమ్మదిగా దించారు. ఒక్కరికీ గాయం కాలేదు.

అదే 2024 జనవరి 2న టోక్యోలోని హనేడాలో పరిస్థితి వేరు. సప్పోరో నుండి వచ్చిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద తీరరక్షక దళపు చిన్న విమానాన్ని ఢీకొని అంటుకుంది. ఆ చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు. పెద్ద విమానంలో 379 మంది ఉన్నారు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడటానికి పనికొచ్చాయి. మైకు పనిచేయలేదు. సిబ్బంది గొంతెత్తి అరిచి చెప్పారు. ప్రయాణికులు సామాన్లను పైఅరల్లోనే వదిలి కదిలారు. 379 మందీ బయటపడ్డారు. విమానం మాత్రం బూడిదైంది.

బయట ఏమున్నదో కిటికీ దగ్గర కూర్చున్నవారికి ఒక పక్కే కనిపిస్తుంది. పైలట్‌కు, సిబ్బందికి, రేడియోలో మాట్లాడుతున్న అగ్నిమాపక అధికారికి కలిసి అంతకంటే ఎక్కువ కనిపిస్తుంది. సింగపూర్‌లో కూర్చోవడం, హనేడాలో పరుగెత్తడం రెండూ ప్రాణాలు నిలబెట్టాయి. రెండు చోట్లా ప్రయాణికులు చేసినది ఒకే పని: చెప్పిన మాట విన్నారు.

సంచి బరువు

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుండి దుబాయి చేరిన ఎమిరేట్స్ విమానం రన్‌వే మీద పడి అంటుకుంది. లోపల 300 మంది. ఎక్కువమంది మన దేశస్థులే, వారిలో కష్టపడి బ్రతికే వలస కార్మికులూ ఉన్నారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అయితే పొగ కమ్ముకుంటున్న ఆ క్యాబిన్‌లో సంచుల కోసం పైఅరలు తెరుస్తున్న దృశ్యాలను ఆ తరువాత ప్రపంచమంతా చూసింది. ఆ రోజు ఒకే ఒక్క ప్రాణం పోయింది. అది విమానంలో ఉన్నవారిది కాదు, మంటలార్పడానికి వచ్చిన ఒక యువ అగ్నిమాపక ఉద్యోగిది. విమానం పడిన తొమ్మిది నిమిషాలకు ఇంధన ట్యాంకు పేలి అతడు మరణించాడు.

కొత్త రకం పెద్ద విమానానికి అనుమతి ఇచ్చేముందు, సగం తలుపులు మాత్రమే తెరిచి, చీకటిలో, నిండా మనుషులతో 90 సెకన్లలో ఖాళీ చేయించి చూపాలి. ఆ 90 సెకన్ల లెక్కలో సంచి లేదు. ఒక మనిషి సంచి దించుకోవడానికి ఐదు సెకన్లు ఆగితే, అతని వెనుక వరుసలో ఉన్న ప్రతి ఒక్కరూ ఐదు సెకన్లు ఆగుతారు. చివరన ఉన్నది ఒక ముసలి తల్లి కావచ్చు, చంకలో పసిబిడ్డ ఉన్న ఆడపడుచు కావచ్చు.

సంచి మీద మమకారం ఎందుకో నాకు తెలియనిది కాదు. గల్ఫ్ వెళ్లేవాని సంచిలో పాస్‌పోర్టు, వీసా కాగితాలు, అప్పు చేసి కట్టిన భవిష్యత్తు ఉంటుంది. ఉమ్రానుండి వచ్చేవారి సంచిలో బంధువులందరికీ పంచవలసిన ఖర్జూరాలు ఉంటాయి. అందుకే ఈ చిక్కును ఇంటి దగ్గరే విప్పుకోవాలి. పాస్‌పోర్టు, కాగితాలు, ఫోను, తప్పనిసరి మందులు మెడలో వేసుకునే చిన్న సంచిలోనో, నడుము పట్టీలోనో ఒంటిమీదే ఉండాలి. ఇహ్రామ్ వస్త్రాల్లో ఉన్నవారికి జేబులు ఉండవు గనుక వారికిది మరీ అవసరం. ఒంటిమీద ఉన్నదే మనతో వస్తుంది, పైఅరలో పెట్టినది వదులుకోవలసినదే అని బయలుదేరేముందే మనసుకు నచ్చజెప్పుకుంటే, ఆ సమయంలో చేయి పైకి లేవదు.

మరికొన్ని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. కూర్చున్న వెంటనే మీ సీటుకు, తలుపుకు మధ్య ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు పనిచేయకపోయినా చేతులు లెక్కపెట్టగలవు. పైనుండి ఆక్సిజన్ తొడుగులు జారితే ముందు మీరు ధరించి, తరువాత బిడ్డకు తొడగండి. ఇది స్వార్థం కాదు. తల్లి స్పృహ తప్పితే బిడ్డకు తొడిగేవారు ఉండరు. జారుడుబల్ల మీదికి మడమలున్న చెప్పులతో వెళ్లకండి, అది చిరిగిపోవచ్చు. పొడవాటి దుస్తులు, బురఖా ధరించినవారు అంచులను చేతితో దగ్గరికి పట్టుకుని జారాలి. పవర్ బ్యాంకులు పెద్ద పెట్టెలో వేయకండి, చేతి సంచిలోనే, కనిపించే చోట ఉంచండి. 2025 జనవరిలో కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానపు పైఅరలో మంట పుట్టింది. పవర్ బ్యాంకే కారణమై ఉండవచ్చని దర్యాప్తు అధికారులు తెలిపారు. లోపలి 170 మందికి పైగా ప్రయాణికులు, సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు.

ఇంట్లో ఉన్నవారికీ ఒక మాట. తెరమీది వార్తను, ఎవరో పంపిన వీడియోను చూసిన వెంటనే పదిమందికి పంపకండి. పాత వీడియోలు కొత్తవిగా తిరుగుతుంటాయి. విమానం నేలమీద ఉన్నా ప్రయాణికుల ఫోన్లు మోగకపోవడానికి అనేక కారణాలుంటాయి. దిగమన్న ఆదేశం కోసం వారు మౌనంగా కూర్చుని ఉండవచ్చు. విమాన సంస్థ ప్రకటించిన నంబరుకు ఫోను చేయండి, ఓపిక పట్టండి. విమానం చుట్టూ ఫైరింజన్లు ఉన్నాయని విన్నప్పుడు, మీ బిడ్డ చుట్టూ కాపలా ఉన్నదని అనుకోండి.

ఈ మాటే ఖాలాకు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఆ బండ్లవాళ్ల కోసం కూడా దువా చేయాలి కదా" అన్నారు. పోయినవారం కుమారునితో ఫోనులో మాట్లాడుతూ, మళ్లీ వచ్చేటప్పుడు పాస్‌పోర్టు మెడలో వేసుకోమని చెప్పారట. "పచ్చడి పోతే పోనీ బేటా, మళ్లీ పెడతాను. నువ్వు మాత్రం వాళ్లు దిగమన్నప్పుడు ఒట్టి చేతులతో దిగు" అన్నారట.

మన ఇళ్లలోనూ ప్రయాణపు పెట్టె సర్దేరోజున, చివరి మాటగా ఇదే చెప్పి పంపుదాం.